కరెంటు పోతే కూలే సామ్రాజ్యం

పోయిన వానాకాలం ఒక శనివారం రాత్రి పన్నెండున్నరకు నా సామ్రాజ్యంలో పద్నాలుగు గ్రహాలున్నాయి. రెండు నిమిషాల తర్వాత ఒక్కటీ లేదు. ఎవరూ దాడి చేయలేదు. జడ్చర్లలో కరెంటు పోయింది, అంతే. ఆ రాత్రి ఆటకు హోస్ట్ జడ్చర్ల తమ్ముడు, అంటే మిగతావాళ్లం కలిసేది అతని కంప్యూటర్ ద్వారానే. అతని కంప్యూటర్ ఆగగానే మిగిలిన ముగ్గురి స్క్రీన్ల మీదా ఒకటే మాట, హోస్ట్‌తో కనెక్షన్ తెగిపోయిందని. మూడున్నర గంటలు కూర్చుని కట్టుకున్నదంతా అతని గదిలో, ఆ చీకట్లో, ఒక హార్డ్ డిస్కులో ఉండిపోయింది. ఆఖరిసారి సేవ్ ఎప్పుడైందో అతనికే తెలియదు. "అన్నా, ఇన్వర్టర్ ఫ్యాన్లకే ఉంది, సిస్టమ్‌కు లేదు. మీరు పండుకోర్రి" అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు.

ఆ ఆట పేరు ఇక్కడ రాయను. ఒక్కదాన్ని పట్టుకుని తిట్టి లాభం లేదు. అంతరిక్ష వ్యూహ ఆటల్లో చాలావాటికి ఉన్న జబ్బే ఇది.

ఈ ఆటలు ఆడేవాళ్లను ఏం కావాలని అడిగితే వచ్చే జాబితా ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. కొత్త జాతులు, పెద్ద ఓడలు, ఇంకా పెద్ద గెలాక్సీ, మంచి గ్రాఫిక్స్. ఒకప్పుడు నేనూ అవే అడిగేవాణ్ణి. ఇప్పుడు నాకు కావాల్సింది ఒక్కటే. ఆట మధ్యలో లేచి వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చునే వీలుండాలి. లేచినవాడి వల్ల మిగిలినవాళ్ల ఆట చెడకూడదు, అతను లేనప్పుడు అతని రాజ్యమూ చెడకూడదు. పలువురు కలిసి ఆడే మల్టీప్లేయర్ గురించి చేసే మిగతా డిమాండ్లన్నీ దీని తర్వాతే అంటాను.

ఎందుకో చెప్పాలంటే మా నలుగురి గురించి చెప్పాలి. నేనుండేది నల్లగొండలో, పానగల్ రోడ్డు వైపు. జడ్చర్ల తమ్ముడు పోలేపల్లి దగ్గర ఒక ఫార్మా కంపెనీలో షిఫ్టుల్లో పనిచేస్తాడు. వారం పగలు, వారం రాత్రి. మిర్యాలగూడ మిత్రుడిది రైస్ మిల్లు కుటుంబం. వడ్ల సీజన్ మొదలైతే రెండు నెలలు మనిషి కనబడడు. నాలుగో అతను మా బావమరిది, మహబూబ్‌నగర్ మెట్టుగడ్డ దగ్గర ట్యూషన్లు చెబుతాడు, పరీక్షల ముందు శని ఆదివారాలు కూడా ఖాళీ ఉండడు. నలుగురికీ కలిసి నాలుగు గంటలు దొరకడం నెలకొకసారి జరిగితే గొప్ప. దొరికిన ఆ నాలుగు గంటల్లోనూ అరగంట లాబీలోనే, అంటే ఆట మొదలయ్యేముందు అందరూ చేరే చోటే, పోతుంది, ఒకరి వెర్షన్ ఇంకొకరి వెర్షన్‌తో కలవక. పైగా తలుపేసుకుని అర్ధరాత్రి దాకా 'ఆన్‌లైన్ గేమ్' ఆడుతున్నామంటే ఇంట్లో మొదట వచ్చే అనుమానం పేకాటే. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. మా ఆటలో పోయేది నిద్ర ఒక్కటే అని మా అమ్మను నమ్మించడానికి ఈ రెండు చట్టాలూ పనికిరాలేదు.

ఈ తరహా ఆటలకు 'ఫోర్ ఎక్స్' అనే పేరు 1993లో వచ్చింది. మాస్టర్ ఆఫ్ ఓరియన్ అనే ఆట గురించి ముందుగా రాస్తూ అలన్ ఎమ్రిక్ ఒక అమెరికన్ కంప్యూటర్ గేమ్ పత్రికలో వాడిన మాట అది. వెతకడం, విస్తరించడం, వాడుకోవడం, తుడిచిపెట్టడం. ఇంగ్లిష్‌లో ఈ నాలుగింటి పేర్లలోనూ ఎక్స్ శబ్దం వినబడుతుంది. ఆ ఆట ఒంటరిగా కూర్చున్న మనిషి కోసం చేసింది. ఒక్కడే ఆడుతుంటే కాలం అతని చేతిలో ఉంటుంది. ఎవరైనా తలుపు కొడితే ఆపొచ్చు, అన్నం తిని రావొచ్చు, వారం తర్వాత మళ్లీ తెరవొచ్చు. మల్టీప్లేయర్ వచ్చి కలిసింది తర్వాత. గెలాక్టిక్ సివిలైజేషన్స్ రెండో భాగం 2006లో వచ్చినప్పుడు అందులో మల్టీప్లేయరే లేదు. అయినా దాన్ని ఈ జానర్‌లో మంచి ఆటల్లో ఒకటిగా లెక్కపెట్టారు. ఆ వరుసలో మొదటిసారి మల్టీప్లేయర్ పెట్టింది 2015లో, మూడో భాగంలో.

మల్టీప్లేయర్ ఆడేవాళ్లు తక్కువమంది, ఆ ఖర్చేదో కంప్యూటర్ ప్రత్యర్థి తెలివి మీద పెడితే అందరికీ పనికొస్తుంది అని తయారుచేసేవాళ్ల వైపు నుంచి వినబడే వాదన. అందులో నిజం లేదనను. కానీ బస్సు రాని ఊళ్లో స్టాపు దగ్గర జనం కనబడరు. కనబడలేదు కాబట్టి ప్రయాణికులు లేరని డిపో మేనేజర్ రాసుకుంటే ఎలా? సగం ఆటలో తెగిపోయే మల్టీప్లేయర్‌ను రెండుసార్లు చూసినవాడు మూడోసారి లాబీలోకి రాడు, లెక్కలో మాత్రం 'ఒంటరిగా ఆడటం ఇష్టమున్నవాడు'గా చేరిపోతాడు.

ఆట ఎందుకు తెగుతుందో కొంచెం లోపలికి వెళ్లి చూడాలి. 1997లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ అనే యుద్ధ వ్యూహ ఆట చేసినవాళ్ల ముందు ఒక చిక్కు ఉండేది. ఎనిమిది మంది ఆటగాళ్లు, పదిహేను వందల దాకా సైనికులు, నడవాల్సిందేమో ఫోన్ తీగకు తగిలించే 28.8 కిలోబిట్ల నెమ్మది మోడెం మీద. ప్రతి సైనికుడు ఎక్కడున్నాడో పంపుకుంటూ పోతే ఆ తీగ సరిపోదు. అందుకని ఆటగాడిచ్చిన ఆజ్ఞను మాత్రమే పంపారు. మిగతా లెక్కంతా ఎవరి కంప్యూటర్లో వారిదే. ఒకే లెక్కను ఎనిమిది మంది ఎనిమిది గదుల్లో కూర్చుని చేసినట్టు. అందరికీ ఒకే జవాబు రావాలి. ఒక్కరికి తేడా వస్తే, ఎక్కడో ఒక చిన్న సంఖ్య తప్పినా, అక్కడి నుంచి అందరూ వేర్వేరు ఆటలు ఆడుతున్నట్టే. ఆటగాళ్లు డిసింక్ అనేది దీన్నే. ఇవాళ్టికీ స్ట్రాటజీ ఆటల్లో చాలావాటికి పునాది ఈ పద్ధతే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. అందరూ ఒకే అడుగులో నడవాలి కాబట్టి, అందరికన్నా నెమ్మదైన కంప్యూటర్ ఎంత వేగంగా నడిస్తే ఆట అంత వేగంగా నడుస్తుంది. సాగర్ ఎడమ కాలువ మీద చివరి ఆయకట్టు పొలం తడిసేదాకా పైనున్నవాళ్లు మడికి నీళ్లు కట్టకూడదని రూలు పెడితే ఎట్లుంటుందో ఇదీ అట్లనే. కాలువ మీద జరిగేది దానికి పూర్తిగా తలకిందులని ఆ కింద వ్యవసాయం చేసేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మాలో చివరి ఆయకట్టు మిర్యాలగూడ. మిల్లు లెక్కల కోసం ఎప్పుడో కొన్న లాప్‌టాప్ మీద గెలాక్సీ నడపాలి పాపం. రెండు వందల ఏళ్ల ఆట కాలం దాటిందంటే దాని ఫ్యాన్ మోత మాకు హెడ్‌ఫోన్లలో వినబడుతుంది.

సర్వర్ ఇండియాలో పెట్టండి అని మనవాళ్లు గట్టిగా అడుగుతుంటారు. షూటింగ్ ఆటలకు అది న్యాయమైన డిమాండే. హైదరాబాద్‌లో అమెజాన్ క్లౌడ్ రీజియన్, అంటే అద్దెకిచ్చే సర్వర్ల కేంద్రం, 2022 నవంబర్‌లోనే మొదలైంది, నల్లగొండ నుంచి వంద కిలోమీటర్ల దూరం. కానీ వ్యూహ ఆటకు సర్వర్ దగ్గరగా ఉండటం వల్ల ఒరిగేది తక్కువ. ఓడల గుంపుకు ఆజ్ఞ ఇచ్చాక పావు సెకను ఆలస్యమైతే కొంప మునగదు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఇంజినీర్లు గమనించింది కూడా అదే. ఆలస్యం ఒకే తీరుగా ఉంటే మనిషి అలవాటు పడిపోతాడు, ఒకసారి చురుగ్గా ఒకసారి మందంగా ఉంటేనే చిరాకు పడతాడు. మా ప్రాణాలు తీస్తున్నది పింగ్, అంటే సర్వర్ దాకా వెళ్లొచ్చే ఆలస్యం, కాదు. వానకు ఫైబర్ తెగడం, ఫోన్ హాట్‌స్పాట్ డేటా అయిపోవడం, హోస్ట్ నిద్రపోవడం. వీటిలో ఏదీ సర్వర్ సింగపూర్ నుంచి హైదరాబాద్ వస్తే తీరేది కాదు. ఆట మొత్తం ఒక్కరి గదిలో కాకుండా నలుగురి దగ్గరా ఉంటే తీరుతుంది. అందరి కంప్యూటర్లూ ఒకే లెక్క చేస్తున్నాయని పైన చెప్పాను కదా, అంటే ఆట అందరి దగ్గరా ఎలాగూ ఉన్నట్టే. హోస్ట్ పడిపోతే పగ్గాలు ఇంకొకరి చేతికి మార్చడం సులువైన పని అనను, కానీ అసాధ్యమైతే కాదు.

సర్దుకుపోవడం తెలిసిన ఆట ఒకటుంది. 2003 నుంచి నడుస్తున్న ఈవ్ ఆన్‌లైన్. వేల ఓడలు ఒకే నక్షత్రం దగ్గర చేరితే సర్వర్ తట్టుకోలేదు. అప్పుడు వాళ్లు ఎవర్నీ బయటికి తోసేయరు, అక్కడి కాలాన్నే నెమ్మది చేస్తారు, అవసరమైతే మామూలు వేగంలో పదో వంతుకు. 2014 జనవరిలో ఒక నక్షత్ర మండలం మీద ఆధిపత్యానికి కట్టాల్సిన రుసుం కట్టకపోవడంతో మొదలైన పోరు ఇరవై గంటలకు పైగా సాగింది, ఏడు వేల మందికి పైగా పాల్గొన్నారు. నత్తనడకగానే. అయినా ఆ యుద్ధం గురించి ఇప్పటికీ చెప్పుకుంటున్నారు, ఎందుకంటే అది తెగలేదు. నెమ్మదిని ఆటగాడు క్షమిస్తాడు, తెగిపోవడాన్ని క్షమించడు.

మల్టీప్లేయర్ వేరు, గేమ్‌ప్లే వేరు అన్నట్టు మాట్లాడుతుంటారు కానీ నాకు ఆ గీత కనబడదు. ఒంటరిగా ఆడినప్పుడు కాస్త విసుగు పుట్టించే లోపం నలుగురు కలిసినప్పుడు ఆటనే ముంచుతుంది. ఆట చివరి దశ, అదే లేట్ గేమ్, సంగతే చూడండి. స్టెలారిస్ అనే అంతరిక్ష వ్యూహ ఆట 2016 మేలో వచ్చింది. జనాభా పెరిగేకొద్దీ ఆట నెమ్మదిస్తుందని ఏళ్ల తరబడి ఆటగాళ్లు మొత్తుకున్నారు. ప్రతి గ్రహం మీద ప్రతి జనాభా యూనిట్‌కూ ఏ ఉద్యోగమో విడివిడిగా లెక్కపెట్టడం దీనికి పెద్ద కారణం. చివరికి 2025 మేలో వచ్చిన 4.0 అప్‌డేట్‌లో జనాభాను గుంపులుగా లెక్కపెట్టే పద్ధతికి మారారు. రాగానే బగ్గుల మీద విమర్శలూ తప్పలేదు. అయినా తొమ్మిదేళ్ల ఆటకు గుండె ఆపరేషన్ చేసే ధైర్యాన్ని మెచ్చుకోవాలి. కొత్త ఓడల డీఎల్‌సీ, అంటే విడిగా కొనాల్సిన అదనపు భాగం, అమ్ముకోవడం దీనికన్నా చాలా తేలిక.

అదే ఆటలో 2018 ఫిబ్రవరి నాటి మార్పు నాకు ఇంకా ఇష్టం. అంతకుముందు నక్షత్రాల మధ్య ప్రయాణానికి మూడు పద్ధతులుండేవి, ఎవరికి నచ్చింది వాళ్లు ఎంచుకునేవారు. దాంతో శత్రువు ఎటు నుంచైనా ఊడిపడేవాడు. కోట కట్టడానికి అర్థమే ఉండేది కాదు. 2.0లో మొదట్లో అందరూ హైపర్‌లేన్లనే నిర్ణీత దారుల్లోనే నడవాలని తేల్చారు. స్వేచ్ఛ తగ్గించారని చాలామంది కోప్పడ్డారు. కానీ దారులు తగ్గాకే ద్వారాలకు విలువ వచ్చింది. దేవరకొండ ఖిల్లా ఎక్కినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పద్మనాయకులు పద్నాలుగో శతాబ్దంలో ఆ చోటు ఏరుకున్నది గుట్టల మధ్య దారులు కొన్నే ఉన్నందుకు. నాలుగు వైపులా మైదానమైతే ఎంత గోడ కట్టినా ఎంతసేపు నిలబడుతుంది? మల్టీప్లేయర్‌లో దీని లాభం ఇంకా ఎక్కువ. నా సరిహద్దు రెండు నక్షత్రాలే అయితే పది నిమిషాలు లేచి వెళ్లినా భయం లేదు. పన్నెండైతే బాత్రూమ్‌కు వెళ్లాలన్నా టెన్షనే.

ఇక ఓడిపోయినవాడి సంగతి. ఈ ఆటల్లో మొదటి గంటలో వెనకబడ్డవాడు మూడో గంట దాకా ఓడిపోతూ కూర్చోవాలి. అధికారికంగా ఓడిపోడు, కానీ గెలిచే దారీ ఉండదు. మా బావమరిది ఒకసారి మైక్‌లో అన్నాడు: "బావా, నన్ను తొందరగా చంపు, పేపర్లు దిద్దుకోవాలె." నవ్వాం గానీ, ఆట కట్టినవాళ్లు వినాల్సిన మాట అది. మన పులి మేకలో మేకలు పులిని చంపలేవు. దారులు మూసి కదలకుండా చేస్తాయి, అదే గెలుపు. రెండు పక్షాల బలం వేరు, గెలుపు అర్థమూ వేరు. గుడి మంటపం బండల మీద గీసిన ఆ గీతల్లో ఉన్న తెలివి కోట్లు పెట్టి తీసిన ఆటల్లో ఎందుకు లేదో నాకు అర్థం కాదు. చిన్న రాజ్యానికి చిన్న రాజ్యంగా గెలిచే దారి ఉండాలి. ఫలానా వ్యాపార మార్గాన్ని యాభై ఏళ్లు మూయించగలిగితే గెలిచినట్టు, పెద్ద రాజ్యాలు రెండూ కలవకుండా ఆపగలిగితే గెలిచినట్టు, అలాంటివి. అప్పుడు బావమరిది పేపర్లు ఆదివారం దిద్దుకుంటాడు.

కాలం సమస్యకు పాత జవాబు ఒకటుంది. ఇంటర్నెట్ కన్నా పాతది. 1959లో వచ్చిన డిప్లొమసీ అనే బోర్డు ఆటలో అందరూ ఆజ్ఞలను రహస్యంగా కాగితాల మీద రాసి ఒకేసారి తెరుస్తారు. దాన్ని ఉత్తరాల మీద కూడా ఆడారు. తొంభైల్లో స్టార్స్ అనే అంతరిక్ష ఆట ఇదే దారి పట్టింది. తమ వంతు ఆజ్ఞలున్న టర్న్ ఫైలును ఈమెయిల్లో పంపితే హోస్ట్ అందరివీ కలిపి తర్వాతి ఏడాదిని లెక్కపెట్టేవాడు. 2010లో వచ్చిన నెప్ట్యూన్స్ ప్రైడ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ఓడ ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి చేరాలంటే నిజంగానే గంటలు పడుతుంది, ఒక ఆట వారాల తరబడి సాగుతుంది. మిల్లులో లారీ దిగేలోపు ఫోన్లో చూసుకుని ఆజ్ఞ ఇచ్చేయొచ్చు. కాలువ నీళ్లు వంతుల మీద వదిలినట్టు ఎవరి వంతులో వాళ్లు. మాలాంటివాళ్ల కోసమే పుట్టినట్టుంది అనిపించింది.

ఆడాక మాట మార్చుకోవాల్సి వచ్చింది. నిజమైన కాలంలో నడిచే ఆటకు రాత్రీ పగలూ ఉండవు. నేను పడుకున్నాక తెల్లవారుజామున మూడింటికి నా నక్షత్రం దగ్గరికి ఎవడో చేరతాడు. 2002 నుంచి ఉన్న ఓగేమ్ అనే ఇలాంటి అంతరిక్ష ఆట ఆడినవాళ్లలో అలారం పెట్టుకుని లేచి ఓడలను దాచినవాళ్లు ఎందరో. నాలుగు గంటలు కట్టేసే ఆట నుంచి తప్పించుకుని ఇరవై నాలుగు గంటలూ మనసును వదలని ఆటలో పడ్డట్టు. జడ్చర్ల తమ్ముడికి నైట్ షిఫ్టు వారం అదే లాభమైంది. డ్యూటీ బ్రేక్‌లో మా అందరి మీదా దాడి చేశాడు. "నిద్రపోయేటోళ్లకు రాజ్యమెందుకన్నా" అని పైగా.

కాబట్టి నాకు కావాల్సింది ఈ రెండింటి మధ్యది. నలుగురం ఉన్నప్పుడు ఆట మామూలుగా నడవాలి. ఒకరు లేచినప్పుడు అతని రాజ్యానికి కావలి ఉండాలి. ఇప్పుడు చాలా ఆటల్లో ఆటగాడు వెళ్లిపోతే ఏఐ ఆ కుర్చీలో కూర్చుంటుంది. అది కావలి కాదు, కబ్జా. బావమరిది అన్నానికి లేచిన పది నిమిషాల్లో అతని ఏఐ నాతో ఉన్న సంధిని రద్దు చేసి, కొత్తగా కట్టిన ఓడల కారఖానాను కూల్చేసి, ఇంకెవరితోనో దోస్తీ కట్టింది. పొలం కాపలాకు పెట్టిన మనిషి పంట మార్చకూడదు కదా. వెళ్లేముందు నేను చెప్పిపోయే వీలుండాలి. సరిహద్దు కాచుకో, కొత్త యుద్ధాలు వద్దు, సంధులు ముట్టుకోవద్దు, ఖజానాలో సగానికి మించి ఖర్చు పెట్టొద్దు. ఆట భాషలో ఇవి నాలుగు టిక్ బాక్సులు. తెలివైన ఏఐని తయారుచేయడం కన్నా మాట వినే ఏఐని తయారుచేయడం తేలికే అనుకుంటా.

దీనికి దగ్గరగా వచ్చింది కూడా స్టెలారిస్సే. 2023లో ఒకే సామ్రాజ్యాన్ని కొందరు కలిసి నడిపే కోఆప్ పద్ధతి పెట్టారు. దాన్ని సరదా ఫీచర్‌గా చూశారు చాలామంది. నాకు మాత్రం ఉమ్మడి కుటుంబం గుర్తొచ్చింది. ఒకరు ఊరెళ్తే ఇంకొకరు పశువులకు మేత వేస్తారు. నలుగురం రెండు జట్లుగా రెండు రాజ్యాలు పంచుకుంటే, ప్రతి రాజ్యానికీ ఎప్పుడూ ఒకరైనా మెలకువగా ఉంటారు. పోరు తగ్గదు, ఎవరో లేచారని ఆట ఆగదు. ఇంకో మంచి పద్ధతి కూడా ఆ ఆటలో ఉంది. హోస్ట్ కొనుక్కున్న డీఎల్‌సీలు ఆ మ్యాచ్‌లో చేరిన అందరికీ పనిచేస్తాయి. ఒక్కొక్కటి నలుగురం నాలుగుసార్లు కొనాలంటే మాలో ఇద్దరు అసలు ఆడేవాళ్లే కాదు. మల్టీప్లేయర్ పెరగాలని నిజంగా కోరుకునే ప్రతి కంపెనీ ముందుగా చేయాల్సిన పని ఇదే.

ఆటలు మారేదాకా మేమే రూల్స్ రాసుకున్నాం. తొమ్మిదింటికి మొదలు, పదిన్నరకు ఆట కాలం ఏ ఏడాదిలో ఉన్నా ఆపేయడం. సేవ్ ఫైలు హోస్ట్ దగ్గరే పెట్టుకోకుండా ఆ రాత్రే అందరికీ పంపాలి. వారం మధ్యలో సంధులు, బేరాలు, బెదిరింపులు వాట్సాప్ గ్రూపులో. నిజానికి ఆట సగం అక్కడే జరుగుతోంది ఇప్పుడు. మంగళవారం మధ్యాహ్నం క్లాసు మధ్యలో బావమరిది నుంచి నాకు ఒక రహస్య ప్రతిపాదన వచ్చింది. అదే ప్రతిపాదన జడ్చర్లకూ వెళ్లిందని సాయంత్రానికి తెలిసింది. ఈ శనివారం ఆ లెక్క తేల్చుకోవాలి. మిర్యాలగూడ అతను లారీలు రాకపోతే వస్తానన్నాడు.